మిరప కల్లము – విదేశ వర్తక సంఘములు

2019వ సంవత్సరము జనవరి మాసాంతమున హైదరాబాదు నగరమున సుగంధ ద్రవ్యముల వర్తకమునకు సంబంధించిన అంతర్జాతీయ సమావేశ మొకటి జరిగినది. 1987 నుండి పనిచేయుచున్న అఖిల భారత సుగంధ ద్రవ్యముల ఎగుమతిదారుల సంఘము దాని నేర్పాటు చేసినది. మన ఎగుమతిదారులే గాక విదేశములనుండి కొనుగోలుదారులు, వర్తక సంఘముల ప్రతినిధులు, ఆహార శాస్త్రజ్ఞులు అందు పాల్గొనిరి. ఇట్టి వార్త పత్రికలో కనబడినపుడు గ్రామములలోని వారు సాధారణముగా, ఇది పెద్ద వర్తకుల వ్యవహారము, మనకేమి అని పుట త్రిప్పివేయుదురు. మిరప పండించు ఊరి పంచాయతీ సభ్యుడు అట్లు త్రిప్పివేయరాదు. ఆ సభలలో వినబడు మాటలలో సగము, చెప్పవలెనన్న, మన కల్లములోని మిరపకాయను గురించినవే.

ఘనపూరు అను పేరుగల ఊళ్లు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు మూడింటను కలవు. 2016 అక్టోబరు వరకు ఇవన్నియు వరంగల్ జిల్లాలోనివే. ఈ ప్రాంతమున వరి, పత్తి ముఖ్యమైన పంటలైనను, తూర్పు మండలములకు పోయిన కొలది మిరప చేలు ఎక్కువగును. ఈ చేలలోని కాయ అధిక భాగము వరంగల్ ఏనుమాముల మార్కెట్టుకో, ఖమ్మము మార్కెట్టుకో చేరును. అచ్చట వేలము పాడు వర్తకుని వెనుక ఎగుమతిదారుడు, అతని వెనుక చైనా, థాయిలాండు, బంగ్లాదేశము, అమెరికా దేశముల కొనుగోలుదారులు ఉన్నారు. 2023–24 ఆర్థిక సంవత్సరమున మన దేశమునుండి సుమారు 6 లక్షల టన్నుల మిరప ఎగుమతి అయినది. దాని విలువ 12,000 కోట్ల రూపాయలకు పైబడినది. ఎండు మిరపను పండించుటయందును, ఎగుమతి చేయుటయందును ప్రపంచములో మన దేశమే ప్రథమ స్థానమున నున్నది.

వర్తకులు సంఘములుగా కూడుట, ఆ సంఘములు ఎల్లలు దాటి పనిచేయుట మన నేలకు క్రొత్త కాదు. కాకతీయుల కాలమునాటి శాసనములలో అయ్యావళి ఐదువందల వారు, నానాదేశి పెక్కండ్రు అను పేర్లు కనబడును. వీరు దేశదేశములు తిరిగిన వర్తకుల శ్రేణులు. గణపతిదేవ చక్రవర్తి 1244–45లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము చరిత్ర చదివినవారికి తెలిసినదే. అంతకుముందు తుఫానుకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును రాజులు స్వాధీనము చేసికొనెడి వారు. ఇకమీదట అట్లు చేయమనియు, నిర్ణయించిన సుంకము తప్ప తక్కినదంతయు యజమానికే విడుతుమనియు గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిచ్చెను. సుంకము ముప్పదింట ఒక పాలు. గంధము, కర్పూరము, ముత్యములు, మిరియములు ఆ పట్టికలో ఉన్నవి. మిరప లేదు, ఏలయనగా ఆ కాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసు వారి ఓడలలో మన దేశమునకు వచ్చుటకు ఇంకను రెండున్నర శతాబ్దములకు పైగా కాలము పట్టినది. కారములో మిరియమును పోలియుండుటచే మన పూర్వులు దానికి మిరప అని పేరు పెట్టుకొనిరి. భూపాలపల్లి జిల్లా ఘనపురములోని కోటగుళ్లు ఆ గణపతిదేవుని కాలమునాటివే గనుక ఈ ముచ్చట ఇచ్చట చెప్పితిమి. ఆనాడు సరకు అమ్ము రేవు ప్రభువు షరతులు నిర్ణయించెను. నేడు చాలవరకు కొనువాడు నిర్ణయించుచున్నాడు. మనకు కష్టము అచ్చటనే ఉన్నది.

కొనువారి సంఘములలో పేరెన్నికగన్నది అమెరికా సుగంధ ద్రవ్య వర్తక సంఘము. 1907లో స్థాపింపబడినది. తమ దేశమునకు వచ్చు దినుసులలో చచ్చిన పురుగు లెన్ని ఉండవచ్చును, ఎలుక పెంట ఎంత, బూజు పట్టిన కాయ నూటికి ఎన్ని పాళ్లు అని ఒక్కొక్క దినుసునకు కొలతలు వ్రాసి పెట్టినది ఈ సంఘమే. మిరప రంగును కొలుచుటకు ఆ సంఘము ఏర్పరచిన పద్ధతి నేడు ప్రపంచమంతట చెల్లుచున్నది. ఎగుమతి వర్తకులు "ఈ కాయ ఆస్టా ఎంత?" అని అడుగుకొనుట వినియుందురు. ఆస్టా యనగా ఆ సంఘము పేరులోని మొదటి అక్షరముల కూర్పు. ఎన్నడో సముద్రమున కావల కొందరు వర్తకులు కూర్చుండి ఒప్పుకొనిన కొలత మన మార్కెట్టు మాటలలోనికి వచ్చి చేరినది!

ఐరోపా దేశములకు ఇట్టి సంఘము వేరొకటి కలదు, జపానుకు మరియొకటి. ఈ సంఘములన్నియు కలిసి ఒక అంతర్జాతీయ సంస్థగా ఏర్పడినవి. మన ఎగుమతిదారుల సంఘము అందు సభ్యత్వము కలిగియున్నది. ప్రభుత్వముల పక్షమున నియమములు చేయు వేదిక వేరు. అది ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో స్థాపించిన కోడెక్స్ సంఘము. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడిన తరువాత కోడెక్స్ ప్రమాణములకు విలువ హెచ్చినది. దేశములమధ్య తగవు వచ్చినపుడు వానినే ఆధారముగా చూచుచున్నారు. సుగంధ ద్రవ్యములకై 2013లో కోడెక్స్ వారు ఏర్పరచిన ఉపసంఘమునకు ఆతిథ్యమిచ్చు బాధ్యత మన దేశమునకు లభించినది. మొదటి సమావేశము 2014 ఫిబ్రవరిలో కొచ్చిలో జరిగినది. తరువాత గోవా, చెన్నై, తిరువనంతపురము నగరములలో జరిగినవి. ఎండు మిరపకు అంతర్జాతీయ ప్రమాణము 2022లో ఆమోదము పొందినది. వర్తక సంఘముల వారు ఆ ఉపసంఘ సమావేశములలో పరిశీలకులుగా కూర్చుందురు. వారికి ఓటు లేదు గాని మాటకు విలువ కలదు.

ఈ సంఘముల నాయకులు కూడి మిరప ధరను నిర్ణయింతురని కొందరి అపోహ. ధర పంటను బట్టియు, గిరాకిని బట్టియు నడచును. ఏ దేశమున పంట ఎట్లున్నది, ఏ ప్రభుత్వము ఏ మందు అవశేషముపై నిషేధము విధింపనున్నది, రాబోవు సంవత్సరమున ఏ పరీక్ష తప్పనిసరి కానున్నది అను విషయములు ఈ సభలలో చర్చకు వచ్చును. వచ్చిన సమాచారము మరునాటినుండి ఎగుమతిదారుల కొనుగోలు పద్ధతులను మార్చును. ఆ మార్పు వర్తకునికి తెలియును, అడ్తిదారునకు తెలియును. రైతుకు మాత్రము తన బస్తాలకు తక్కువ పాట వచ్చిననాడు తెలియును. అప్పుడును కారణము తెలియదు.

ఒక ఉదాహరణము. 2003లో ఫ్రాన్సు దేశమున, భారతదేశమునుండి వచ్చిన కారములో సూడాన్ అను ఎర్ర రంగు కనబడినది. ఇది మైనము, బూటు పాలిష్ వంటి వానికి వాడు రంగు. తినుట ఆరోగ్యమునకు హానికరము. వెంటనే ఐరోపా సమాజము వారు, ఆ రంగు లేదని పరీక్షాపత్రము ఉన్నగాని మిరప ఉత్పత్తులను రానీయమని ఉత్తర్వు చేసిరి. 2005లో బ్రిటనులో ఇదే రంగు కలిసిన కారము వలన 400కు పైగా ఆహార పదార్థములను దుకాణములనుండి వెనుకకు తీసికొనవలసి వచ్చినది. రంగు కలిపినది రైతు కాదు. రైతు అమ్మిన కాయ పొడియైన తరువాత ఎచ్చటనో ఎవరో చేసిన పని. పరీక్షల ఖర్చు, అనుమానము, ఆలస్యము మాత్రము ఆ సరకు మొత్తము మీద పడినవి. మన సుగంధ ద్రవ్యముల బోర్డు నాటినుండి ఎగుమతి మిరపకు పరీక్షలు విధించినది. 2024లో హాంకాంగు, సింగపూరు ప్రభుత్వములు ఇథిలిన్ ఆక్సైడు అను వాయువు అవశేషము కారణముగా కొన్ని మసాలా పొడులను ఆపివేసినపుడు మరల ఇట్టి గడబిడయే జరిగినది. ఇదియు చేనిలో కలుగు దోషము కాదు. సూక్ష్మజీవులను చంపుటకు తరువాతి దశలో వాడు వాయువు అది.

ఇక కల్లములోనే పుట్టు దోషమును గురించి చెప్పవలసియున్నది. ఇదియే పంచాయతీ సభ్యులు ముఖ్యముగా తెలిసికొనవలసిన విషయము. తడి ఆరని కాయపై, లేదా ఆరిన తరువాత మరల తడిసిన కాయపై ఒక విధమైన బూజు పెరుగును. ఆ బూజు అఫ్లాటాక్సిను అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణము తెలియక చనిపోయినవి. శోధింపగా వానికి వేసిన వేరుసెనగ పిండిలో బూజు విషము బయటపడినది. ఈ విషము మనుష్యులకు కాలేయపు కాన్సరు కలిగించునని తరువాతి పరిశోధనలలో స్థిరపడినది. ఐరోపా సమాజము వారి నియమము ప్రకారము ఒక కిలో మిరపలో ఈ విషములన్నియు కలిసి 10 మైక్రోగ్రాములకు మించరాదు; అందు బి1 అను రకము 5 మైక్రోగ్రాములకు మించరాదు. మైక్రోగ్రాము అనగా గ్రాములో పదిలక్షవ వంతు. 10 టన్నుల మిరప నొక లారీలో నింపినచో, ఆ లారీ మొత్తమునందు ఈ విషము గ్రాములో పదవ వంతును దాటరాదన్నమాట. చిటికెడు ఉప్పు ఇంతకంటె ఎక్కువ తూగును.

బూజు బస్తాయంతట సమానముగా ఉండదు. నాలుగు కాయలలో ఉండవచ్చును. ఆ నాలుగు కాయలు మంచి కాయతో కలిసి మరలో పడినపుడు పొడి అంతయు పాడగును. పది ఊళ్ల కాయ ఒక గిడ్డంగిలో కలియును గనుక ఒక ఊరి అజాగ్రత్త తొమ్మిది ఊళ్ల శ్రమను చెరచగలదు. అందుచేత ఒక రైతు జాగ్రత్తపడినంత మాత్రమున చాలదు. ఇది ఊరి వ్యవహారము, అనగా పంచాయతీ వ్యవహారము.

పండిన మిరపకాయను కోసినపుడు నూటికి 70, 80 పాళ్లు నీరే ఉండును. ఎండిన తరువాత 10, 11 పాళ్లకు మించి తేమ ఉండరాదు. ఈ మధ్య జరుగవలసిన పని యంతయు కల్లములో జరుగును. కల్లము లేనివారు మట్టి నేలపై పోయుచున్నారు. తారు రోడ్డు అంచున పోయువారు కూడ కలరు. రోడ్డు మీద కాయ త్వరగా ఎండు మాట నిజమే. కాని బండ్ల ధూళి, నూనె చుక్కలు, కుక్కలు, మేకలు అన్నియు దానిలోనివే. అమెరికా సంఘము వారి కొలతల పట్టికలో జంతువుల పెంటకు ప్రత్యేకముగా ఒక గడి ఎందుకున్నదో ఇప్పుడు తెలియును. సిమెంటు గచ్చుమీదనో, శుభ్రమైన టార్పాలిన్ పట్టాలమీదనో పలుచగా పోసి, దినమునకు పలుమార్లు త్రిప్పి, సాయంకాలము కుప్ప చేసి మంచు పడకుండ కప్పుట మంచి పద్ధతి. తాలు కాయను, మచ్చ కాయను కల్లములోనే వేరు చేయవలెను. మార్కెట్టులో తాలుకు వేరే ధర ఉన్నది గనుక వేరు చేసినందువలన నష్టము లేదు.

ఒక అలవాటును గురించి నిష్కర్షగా చెప్పక తప్పదు. బస్తాలలో త్రొక్కునపుడు కాయ చిట్లకుండుటకు నీరు చల్లుట అనేక గ్రామములలో ఉన్నది. తూకమునకై చల్లువారును లేకపోలేదు. పది దినములు ఎండలో నిలిచి తీసిన తేమను పది నిమిషములలో తిరిగి ఎక్కించుటయే ఇది. ఆ బస్తా శీతల గిడ్డంగికి పోవునంతలో బూజుకు కావలసిన వెచ్చదనము, తడి రెండును సిద్ధముగా నుండును. ప్రొద్దున్నే మంచు చెమ్మకు కాయ కొంచెము మెత్తబడియున్న వేళ బస్తాలు త్రొక్కినచో నీటి అవసరమే ఉండదు. యూరియా సంచులు, పురుగు మందుల సంచులు కడిగి మిరపకు వాడుట కూడ మానవలెను.

మందుల అవశేషముల సంగతి ఇంతకంటె చిక్కైనది. 2021 చివర నల్ల తామర పురుగు ఉమ్మడి వరంగల్, ఖమ్మము జిల్లాల మిరప చేలపై విరుచుకపడినది. మన దేశమున 2015లో బెంగుళూరు వద్ద బొప్పాయి తోటలలో మొదట కనబడిన విదేశీ పురుగిది. పూతలో చేరి రసము పీల్చుటచే కాయ నిలువలేదు. రైతులు మందుమీద మందు కొట్టిరి. అప్పులపాలైన కుటుంబములు అనేకము. అట్టి రైతును పట్టుకొని అవశేషముల కొలతలు బోధించుట సులభము కాదు, న్యాయముగాను తోచదు. అయినను విదేశపు పరీక్షశాలకు మన కష్టము తెలియదు. నీలిరంగు జిగురు అట్టలు, వేప నూనె, చేను చుట్టు జొన్న లేక మొక్కజొన్న వరుసలు ముందునుండి వాడి, మందు కొట్టిన తేదీ, పేరు ఒక పుస్తకములో వ్రాసి పెట్టుకొనిన రైతునకు, ఎగుమతిదారుడు వచ్చి అడిగినపుడు చూపించుటకు ఒక ఆధారము ఉండును. చివరి కోతలకు ముందు ఏ మందు ఎన్ని దినములు ఆపవలెనో క్లస్టరులోని వ్యవసాయ విస్తరణాధికారి, ఉద్యాన అధికారి చెప్పగలరు. రైతు వేదికలు కట్టినది ఇట్టి మాటల కొరకే.

నాణ్యత ఉన్నంత మాత్రమున ధర వచ్చితీరునని మేము చెప్పబోము. 2017 ఏప్రిల్, మే మాసములలో పంట విరివిగా వచ్చి మిరప ధర కుప్పకూలినపుడు మంచి కాయ కూడ నేలపాలైనది. ఆ మే మాసమున కేంద్ర ప్రభుత్వము క్వింటాలుకు 5,000 రూపాయల ధరను, ఖర్చుల నిమిత్తము 1,250 రూపాయలను ప్రకటించి మార్కెట్టులో జోక్యము చేసికొనవలసి వచ్చినది. వర్తక సంఘముల సభ లేవియు ఆ పతనమును ఆపలేదు. ఆపుట వాని పని కాదు. కాని సరకు నిలువ చేయదగినదిగా ఉన్న రైతు శీతల గిడ్డంగిలో నాలుగు మాసములు ఆగగలడు. తడి కాయ గల రైతుకు ఆ అవకాశము కూడ లేదు.

ఈ ప్రాంతమునకు మేలైన వార్త కూడ ఒకటి కలదు. వరంగల్ చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. టమాటా వలె గుండ్రముగా, ఎర్రగా నుండుటచే దీనిని టమాటా మిరప అనియు పిలుతురు. కారము తక్కువ, రంగు ఎక్కువ. ఆహార పరిశ్రమలో దీనినుండి రంగు సారము తీయుదురు. ఆస్టా కొలత ఇచ్చట రైతుకు అనుకూలముగా పనిచేయును. ఈ గుర్తింపునకై దరఖాస్తు చేసినది తిమ్మంపేట మిరప రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ. మహబూబాబాదు జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన స్థానము, కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు గల ఉద్యాన విశ్వవిద్యాలయము వారికి తోడ్పడినవి. రైతులే ఒక సంస్థగా కూడి తమ కాయకు పేరు సంపాదించుకొనిన తీరు మిగిలిన గ్రామములవారు పరిశీలింపదగినది. వర్తక సంఘములవారు సాధారణముగా ఒంటరి రైతుతో మాటలాడరు; వారికి ఆ తీరిక లేదు, రైతుకు ఆ దారి తెలియదు. నూరుమంది రైతుల సరకు ఒకేచోట, ఒకే శుభ్రతతో, లెక్కల పుస్తకముతో సహా ఉన్నదనిన ఎగుమతిదారుడే గ్రామమునకు వచ్చును.

2025 డిసెంబరు ఎన్నికలలో పంచాయతీలలో క్రొత్తగా ప్రవేశించిన సభ్యులకు ఒకటి రెండు మాటలు. 2020–21 ప్రాంతమున ఉపాధి హామీ పథకము క్రింద మన రాష్ట్రమున అనేక గ్రామములలో కల్లములు కట్టబడినవి. మీ ఊరిలోనివి ఎన్ని, అవి ఏ స్థితిలో ఉన్నవి, వానిపై మిరప ఎండుచున్నదా, ఇటుకలు పేర్చియున్నవా అను సంగతి ముందుగా చూడుడు. సొంత కల్లము లేని చిన్న రైతులకును, కౌలు రైతులకును వంతులవారీగా ఉపయోగపడునట్లు గ్రామసభలో తీర్మానము చేయవచ్చును. కౌలు రైతును ఇచ్చట ప్రత్యేకముగా పేర్కొనుటకు కారణమున్నది: రోడ్డు మీద కాయ పోయువారిలో ఎక్కువమంది వారే. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారు చేయునపుడు ఉమ్మడి ఆరబోత స్థలమును, దాని చుట్టు కంచెను అందు చేర్చవచ్చును. కంచె లేని కల్లము మేకలకే పనికివచ్చును.

మరియొక పని ఖర్చు లేనిది. ఊరిలోని రైతు సంఘమువారు సీజను ప్రారంభమున పది కల్లములనుండి కొద్దికొద్దిగా కాయ తీసి కలిపి, నమూనాగా కట్టి, తేమ ఎంతయున్నదో మార్కెట్టులోని తేమ కొలుచు యంత్రముపై చూపించుకొనవచ్చును. బూజు విషపు పరీక్షకు మాత్రము రుసుము చెల్లించి పరిశోధనశాలకు పంపవలెను. సుగంధ ద్రవ్యముల బోర్డు వారి పరిశోధనశాల గుంటూరులో కలదు. ఒంటరి రైతుకు ఆ ఖర్చు భారమగును, సంఘమునకు కాదు. వచ్చిన ఫలితమును గ్రామసభలో చదివి వినిపించినచో, ఎవరి కాయ ఎందుకు తక్కువకు పోయినదో రైతులు తమలో తాము తేల్చుకొందురు. సంక్రాంతి దాటిన తరువాత కోతలు ముమ్మరమగును గనుక ఆరబోత స్థలపు ఏర్పాటు, కంచె పని డిసెంబరు లోపుననే పూర్తికావలెను.